ఎక్స్‌రేలో ఏఐ టీబీ అంటోంది, డాక్టరు పాత మచ్చ అంటున్నారు. ఏది నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారికి 64 ఏళ్ళు, చిత్తూరు పక్క పల్లె. మూడు వారాలుగా దగ్గు, నడిస్తే కొంచెం ఆయాసం. తిరుపతిలో ఒక స్కాన్ సెంటర్లో ఛాతీ ఎక్స్‌రే తీయించారు. డాక్టరు సంతకం చేసిన రిపోర్టులో ‘కుడి ఊపిరితిత్తి పైభాగంలో పాత మచ్చలు’ అని ఉంది. దానికి జతచేసిన రంగుల పేజీలో మాత్రం ఏఐ ‘టీబీ అనుమానం, స్కోరు 0.71’ అనీ, ‘గుండె పరిమాణం పెరిగింది’ అనీ ఇచ్చింది. ఏది నమ్మాలి, వెంటనే సీటీ తీయించాలా, రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలా, ఏఐ పేజీకి విడిగా డబ్బులు తీసుకోవడం న్యాయమేనా అని అడిగారు. వయసులో ఉన్నప్పుడు నాన్నగారు కొన్నేళ్ళు గ్రానైట్ క్వారీలో పనిచేశారనీ, ఆ రోజుల్లోనే ‘నెలల తరబడి సూదులు’ వేయించుకున్నారని అమ్మగారు చెబుతున్నారనీ చివర్లో రాశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఆ చివరి మాటే.

ముందు సూటిగా జవాబు చెప్తాను.

0.71 అనేది జబ్బు పేరు కాదు. ఇంకో పరీక్ష చేయించమని చెప్పడానికి అదొక కారణం, అంతే. ఆ పరీక్ష సీటీ కాదు, కఫం పరీక్ష. ఈ వారంలోనే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో కఫం ఇప్పించండి. సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ (కఫంలో టీబీ క్రిమి జన్యువులను వెతికే పరీక్షలు) చేయమని అడగండి, ఉచితంగానే చేస్తారు. గుండె సంగతి తేలడానికి ఒక ఈసీజీ, ఒక ఎకో (గుండెకు తీసే అల్ట్రాసౌండ్) చాలు. ఇవన్నీ చిత్తూరులోనో తిరుపతిలోనో అయిపోతాయి, రాయవేలూరు బస్సు ఇప్పుడే ఎక్కనక్కర్లేదు. కాకపోతే కఫంలో రక్తం పడినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా, కాళ్ళు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఈ క్రమమంతా పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. నేను రేడియాలజిస్టుని, అంటే ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి రిపోర్టు రాసే డాక్టర్ని. చాలాకాలం ప్రభుత్వాసుపత్రిలో చేసి ఇప్పుడు తిరుపతిలో ప్రైవేటుగా చూస్తున్నాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మా దగ్గర రోజూ నడుస్తుంది.

డాక్టరూ ఏఐ ఇద్దరూ ఒకే మచ్చని చూశారు. మచ్చ ఉందా అన్నదాంట్లో గొడవ లేదు, అది పాతదా కొత్తదా అన్నదే గొడవ. ఒక్క ఎక్స్‌రే చూసి ఆ సంగతి గట్టిగా ఎవరూ చెప్పలేరు, నేనైనా అంతే, యంత్రమైనా అంతే. టీబీ నయమయ్యాక ఊపిరితిత్తి పైభాగంలో గీతలు గీతలుగా మచ్చ మిగిలిపోతుంది, చుట్టుపక్కల భాగాన్ని పైకి లాక్కుంటుంది, ఒక్కోసారి సున్నం (కాల్షియం) పేరుకుంటుంది. ఇలాంటివి కనిపిస్తే పాతది అనుకోవడానికి మొగ్గు ఎక్కువ. అయినా ఆ పాత మచ్చ పక్కనే జబ్బు మళ్ళీ లేచి ఉండొచ్చు. తేల్చడానికి దగ్గరి దారి పాత ఎక్స్‌రే. ఆరు నెలలో ఏడాదో కిందటి ఫిల్ములో అదే మచ్చ అదే సైజులో ఉంటే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్లు చాలావరకు మీరిచ్చిన ఆ ఒక్క ఫోటోనే చూస్తాయి. పాతది ఎదురుగా పెట్టి పోల్చే అవకాశం వాటికి ఉండదు.

అందుకే ఇంట్లో బీరువా మీద, ట్రంకుపెట్టెలో వెతకండి. కవర్లో చుట్టి పెట్టిన పాత ఫిల్ము ఏదైనా ఉండొచ్చు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రిలో ఎప్పుడో చూపించుకున్న చీటీలు జాగ్రత్తగా మడిచి తెచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. అలాంటి ఒక్క చీటీ దొరికితే నా పని సులువైపోతుంది. అమ్మగారు చెప్పిన ‘నెలల తరబడి సూదులు’ స్ట్రెప్టోమైసిన్ అయ్యుండే అవకాశం ఎక్కువ. ఒకప్పుడు టీబీ మందుల్లో ఆ ఇంజెక్షన్ మామూలుగా ఉండేది. అదే నిజమైతే నాన్నగారికి టీబీ ఒకసారి వచ్చి తగ్గింది. ‘పాత మచ్చలు’ అన్న మాటకూ లెక్క కుదురుతుంది, ఏఐ ఎందుకు అంత స్కోరు ఇచ్చిందో కూడా తెలుస్తుంది.

ఎందుకంటే పాత టీబీ మచ్చ ఈ సాఫ్ట్‌వేర్లకు ఉన్న పెద్ద బలహీనత. ఢాకాలో 23,954 మంది మీద అయిదు రకాల టీబీ సాఫ్ట్‌వేర్లను పరీక్షించిన అధ్యయనం 2021లో వచ్చింది. అక్కడి రేడియాలజిస్టుల కంటే అయిదూ మెరుగ్గానే చేశాయి, ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ వయసు మళ్ళినవాళ్ళలోనూ, అంతకుముందు టీబీ వచ్చి తగ్గినవాళ్ళలోనూ అయిదింటి పనితీరూ తగ్గింది. మీ నాన్నగారు ఆ రెండు గుంపుల్లోనూ ఉన్నారు.

ఇక ఆ అంకె సంగతి. చాలామంది 0.71 అంటే ‘71 శాతం టీబీ’ అని చదువుకుంటారు. మొన్న ఒకాయన ‘డెబ్బై ఒక మార్కు వచ్చింది సార్, ఫస్టు క్లాసే’ అని దిగులుగా నవ్వాడు. అది శాతం కాదు. సాఫ్ట్‌వేర్ లోపలి కొలత అది. ఒక కంపెనీ 0.71, ఇంకో కంపెనీ 0.71 ఒకటి కావు. ఒకే కంపెనీ పాత వెర్షన్, కొత్త వెర్షన్ కూడా ఒకే ఫిల్ముకి వేరే అంకెలు ఇస్తాయి. ఎంత దాటితే ‘అనుమానం’ అని రాయాలన్నది దాన్ని పెట్టుకున్న చోట నిర్ణయించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 15 ఏళ్ళు, అంతకుపైన ఉన్నవాళ్ళ డిజిటల్ ఛాతీ ఎక్స్‌రేలను టీబీ కోసం వడపోయడానికి మనిషికి బదులుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడొచ్చని సిఫారసు చేసింది. వడపోతకు, అంటే ఎవరికి కఫం పరీక్ష చేయాలో తేల్చడానికి. ఎవరికి మందులు మొదలుపెట్టాలో తేల్చడానికి కాదు.

ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. అనుమానితులను వేరు చేసే పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కనీస లక్ష్యం, జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టాలి, జబ్బు లేని 100 మందిలో 70 మందిని వదిలేయాలి. సరిగ్గా అలాగే పనిచేసే సాఫ్ట్‌వేర్‌ని ఒక పల్లె శిబిరానికి తీసుకెళ్ళారనుకోండి. వెయ్యి మంది వచ్చారు, వాళ్ళలో 10 మందికి నిజంగా టీబీ ఉంది. యంత్రం ఆ పదిమందిలో 9 మందిని పడుతుంది, బాగుంది. కానీ మిగతా 990 మందిలో 297 మందిని కూడా ‘అనుమానం’ అంటుంది. అంటే ఎర్ర పేజీ చేతికొచ్చిన 306 మందిలో టీబీ ఉన్నది 9 మందికే. అదే సాఫ్ట్‌వేర్‌ని వారాల తరబడి దగ్గుతో వచ్చేవాళ్ళ ఓపీలో పెట్టండి. అక్కడ వెయ్యి మందిలో 200 మందికి టీబీ ఉందనుకుంటే 180 మందిని పడుతుంది, 240 మందికి తప్పుడు గంట కొడుతుంది. యంత్రం మారలేదు, వచ్చిన జనం మారారు, పేజీకి అర్థమే మారిపోయింది. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే, కానీ మా పనిలో రోజూ జరిగేది ఇదే. శిబిరంలో 297 మంది అనవసరంగా భయపడినా ఒక కఫం పరీక్షతో పోతుంది, 9 మంది దొరకడం ఎక్కువ విలువ. ఆ 297 మందికీ సీటీ తీస్తే మాత్రం అన్యాయం.

నాన్నగారు శిబిరంలో దొరికిన మనిషి కాదు. మూడు వారాల దగ్గు ఉంది. మన దేశ టీబీ కార్యక్రమం ప్రకారం రెండు వారాలు దాటిన దగ్గుంటే ఏఐ ఉన్నా లేకున్నా కఫం పరీక్ష చేయించాల్సిందే. స్కోరు 0.11 వచ్చినా నేను ఇదే చెప్పేవాణ్ణి.

కఫం ఇచ్చేటప్పుడు: పొద్దున లేచిన వెంటనే, నోరు నీళ్ళతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి తీసుకుని లోపలినుంచి దగ్గి తీయాలి. ఉమ్మి ఇస్తే పరీక్ష వృథా. రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తీసే పద్ధతి ఉంది, పెద్దాసుపత్రిలో చేస్తారు. ఇంకో మాట, ఈలోపు మెడికల్ షాపులో అడిగి లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మింగించకండి. అవి టీబీ మీద కూడా కొంత పనిచేస్తాయి. నాలుగు రోజులు దగ్గు తగ్గినట్టే ఉండి, పరీక్షలో దొరక్కుండా పోయి, నెల తర్వాత మళ్ళీ లేస్తుంది. ఇది ఏఐ కంటే చాలా పెద్ద సమస్య, మన షాపుల పుణ్యమా అని.

కఫంలో ఏమీ లేదని వచ్చినా విషయం మూసేయకూడదు. అప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు పరీక్ష చేసి, మామూలు ఇన్‌ఫెక్షన్‌కి మందులిచ్చి కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయించొచ్చు, లేదా అప్పుడు సీటీ అడగొచ్చు. నాన్నగారు బీడీ తాగేవారైతే ఆ మాట తప్పకుండా చెప్పండి. ఆ వయసులో తగ్గని నీడ ఏదైనా క్యాన్సర్ కాదని రుజువు చేసుకోవాలి.

ఇప్పుడు గ్రానైట్ క్వారీ గురించి. కుప్పం వైపు నుంచి, పలమనేరు వైపు నుంచి వచ్చే రాతిపని వాళ్ళ ఎక్స్‌రేలు నేను చాలా చూశాను. రాతి దుమ్ములోని సిలికా ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరి పైభాగాల్లో చిన్న చిన్న గింజల్లా కనిపిస్తుంది. సిలికోసిస్ అంటాం. ముదిరితే అవన్నీ కలిసి పెద్ద ముద్దలవుతాయి. ఊపిరితిత్తుల వేరు దగ్గరి గ్రంథుల అంచున గుడ్డుపెంకులా సున్నం కట్టడం దీని గుర్తుల్లో ఒకటి. టీబీ కోసం నేర్పిన సాఫ్ట్‌వేర్‌కి ఇది చూపిస్తే ఏమవుతుందో ఊహించండి. పైభాగంలో నీడలు కనపడ్డాయి కాబట్టి స్కోరు పైకి పోతుంది. ఒక క్వారీ కార్మికుడికి ఇలాగే స్కోరు చాలా ఎక్కువ వచ్చింది, కఫంలో టీబీ లేదు, సీటీలో సిలికోసిస్ తేలింది. అలాగని ‘అయితే మనదీ దుమ్మే’ అని వదిలేయకండి. సిలికా దుమ్ము పీల్చినవాళ్ళకు టీబీ వచ్చే ప్రమాదం మామూలువాళ్ళ కంటే ఎక్కువ. రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు. మీ స్కాన్ సెంటర్లో ‘ఏం పని చేసేవారు’ అని ఎవరూ అడిగి ఉండరు. ఆ మాట ఏఐకీ తెలీదు, సంతకం పెట్టిన డాక్టరుకీ తెలీదు. చెస్ట్ డాక్టరుకి మొదటగా మీరు చెప్పాల్సింది అదే.

గుండె పెరిగిందన్న మాట. దీని గురించి నాకు కొంచెం విసుగు కూడా ఉంది, ఎందుకంటే ఈ ఒక్క వాక్యంతో భయపడి వచ్చేవాళ్ళు చాలామంది. ఎక్స్‌రేలో గుండె వెడల్పుని ఛాతీ లోపలి వెడల్పుతో భాగిస్తే 0.5 దాటకూడదని ఒక లెక్క. ఏఐ ఈ కొలత చక్కగా వేస్తుంది, స్కేలు పెట్టి కొలిచే మనకంటే నిలకడగా వేస్తుంది. ఆ లెక్క పెట్టింది మాత్రం నిలబడి, ఛాతీని ప్లేటుకి ఆనించి, వీపు వైపు నుంచి కిరణాలు పంపి, నిండా ఊపిరి బిగబట్టి తీసిన ఎక్స్‌రే కోసం. అలా తీసేటప్పుడు ట్యూబు సుమారు 180 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, గుండె ప్లేటుకి దగ్గరగా ఉంటుంది. మంచం మీద పడుకోబెట్టి ముందు నుంచి తీస్తే గుండె ప్లేటుకి దూరమవుతుంది, ట్యూబు దగ్గరవుతుంది, నీడ పెద్దదిగా పడుతుంది. ఊపిరి సగమే పీలిస్తే డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) పైకొచ్చి గుండెను అడ్డంగా నెడుతుంది. పొట్ట ఉన్నవాళ్ళలోనూ అంతే. ఫిల్ము మూలన ‘ఏపీ’ (ముందు నుంచి తీసింది) అని ఉందా ‘పీఏ’ (వీపు వైపు నుంచి తీసింది) అని ఉందా చూడండి. ఏపీ అయితే ఆ వాక్యాన్ని ఎకో అయ్యేదాకా పట్టించుకోవద్దు.

ఫిల్ము ఎలా తీశారన్నది ఊపిరితిత్తుల విషయంలోనూ ముఖ్యమే. తడి జడ భుజం మీదుగా ముందుకు పడి ఉంటే ఊపిరితిత్తి పైకొనలో అచ్చం టీబీలా నీడ పడుతుంది. ఇలా జడకి టీబీ స్కోరు వచ్చిన అమ్మాయిని జుట్టు పైకి ముడి వేయించి మళ్ళీ తీస్తే స్కోరు అమాంతం పడిపోయింది. (కొండ మీద గుండు చేయించుకుని నేరుగా దిగొచ్చిన భక్తులతో మాకు ఈ బాధ లేదు.) తాయెత్తులు, నల్లపూసలు, చొక్కా జేబులో మరిచిపోయిన బిళ్ళలు, చనుమొన నీడని గడ్డ అనుకోవడం, ఇవన్నీ మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పిస్తారు. సాఫ్ట్‌వేర్‌కి ఎవరైనా నేర్పితేనే తెలుస్తుంది.

అసలు ఇవి ఎలా నేర్చుకుంటాయో కాస్త తెలిస్తే భయమూ తగ్గుతుంది, భక్తీ తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2017లో 30,805 మందికి చెందిన 1,12,120 ఛాతీ ఎక్స్‌రేలను పరిశోధకులకు విడుదల చేసింది. వాటిమీద పెట్టిన జబ్బు పేర్లు డాక్టర్లు కూర్చుని ఒక్కొక్కటీ రాసినవి కావు, పాత రిపోర్టుల వాక్యాల్లోంచి కంప్యూటరు ఏరినవి. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ వాళ్ళు వీటితో నేర్పిన ఏఐ నమూనా న్యుమోనియా గుర్తించడంలో రేడియాలజిస్టుల సగటును దాటిందన్నారు, పత్రికలు పండగ చేసుకున్నాయి. మరుసటి ఏడాది ఇంకో బృందం చూస్తే, ఇలాంటి నమూనాలు నేర్చుకున్న ఆసుపత్రిలో బాగా చేసి, వేరే ఆసుపత్రి ఫిల్ముల దగ్గర తడబడ్డాయి. జబ్బుతో పాటు, ఫిల్ము ఏ ఆసుపత్రిదో కూడా అవి గుర్తుపడుతున్నాయి. ఒక ఆసుపత్రిలో న్యుమోనియా ఎక్కువైతే, అక్కడి ఫిల్ము అని తెలియగానే సగం జవాబు వచ్చేసినట్టే కదా! ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన కేసుల్లో, ఆ గాలి తీయడానికి అప్పటికే వేసిన గొట్టాన్ని చూసి జబ్బు చెప్పేసిన నమూనాలూ ఉన్నాయి. కోవిడ్‌ని ఎక్స్‌రే, సీటీల్లో గుర్తించే ఏఐ పరిశోధనల్లో 62 ఏరి చూసిన ఒక సమీక్ష, వైద్యంలో వాడదగ్గది ఒక్కటీ లేదని 2021లో తేల్చింది. అన్ని సాఫ్ట్‌వేర్లూ అంతేనని నేననను. టీబీవి చాలా పరీక్షలకు నిలబడ్డాయి. మీ చేతిలో ఉన్నది దేనికోసం, ఎవరి మీద పరీక్షించినదో అడగడం మీ హక్కు.

ఆ పేజీలో ఎర్రగా వెలిగే బొమ్మ ఉంటుంది కదా, దాన్ని చూసి ‘ఇంత పెద్ద పుండా’ అని ఏడ్చినవాళ్ళున్నారు. అది పుండు ఆకారం కాదు. చాలా నమూనాలు మూడువేల చుక్కల వెడల్పున్న ఎక్స్‌రేని 224 చుక్కలకు కుదించి చూస్తాయి, చివరి పొర దగ్గరికి వచ్చేసరికి అది ఏడు అడ్డం, ఏడు నిలువు గళ్ళు అవుతుంది. ఆ 49 గళ్ళలో ఏది స్కోరుని పెంచిందో దానికి ఎరుపు పూసి, అంచులు నునుపు చేసి, మీ ఎక్స్‌రే మీద పరుస్తారు. ‘ఈ చుట్టుపక్కల చూడండి’ అని డాక్టరుకి చెప్పే సూచన అది.

ఇన్ని లోపాలు చెప్పాను కాబట్టి నేను దీనికి వ్యతిరేకినని అనుకోవద్దు. రాత్రి పదింటప్పుడు వరసగా ఎక్స్‌రేలు చూస్తుంటే కన్ను అలసిపోతుంది, సాఫ్ట్‌వేర్‌ది అలసిపోదు. మోకాలి ఆపరేషన్‌కి ముందు మామూలుగా తీసిన ఎక్స్‌రేలో, గుండె నీడ వెనక దాగిన గడ్డని సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టి వరసలో పైకి తెచ్చింది. గుండె వెనక, మెడ ఎముక కింద, డయాఫ్రం చాటున ఉన్నవి మనిషి కంటికి తప్పిపోయే చోట్లు. అక్కడ రెండో కన్నుగా అది నాకు కావాలి. రేడియాలజిస్టు లేని పీహెచ్‌సీలో, చేత్తో మోసుకెళ్ళే ఎక్స్‌రే యంత్రంతో తిరిగే టీబీ శిబిరంలో అయితే ఇంకా కావాలి. అక్కడ ఏఐని నాతో పోల్చి లాభం లేదు. అది లేకపోతే ఆ ఫిల్ముని ఆ రోజు చూసేవాళ్ళే ఉండరు. ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ 2016లో, ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నారు, అయిదేళ్ళలో యంత్రం మమ్మల్ని దాటేస్తుందన్నారు. ఆయనకు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మా గది బయట క్యూ మాత్రం అలాగే ఉంది.

ఎకో చేయించమన్నాను కాబట్టి దాని గురించీ చెప్తాను. గుండె ఒక్కో కొట్టుకి ఎంత శాతం రక్తం బయటికి పంపుతోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ కొలతలో ఏఐ నిజంగా బాగుంది. ఒకే వీడియో ఇద్దరు చూస్తే 50 అనీ 56 అనీ రావడం మాకు మామూలే. లాస్ ఏంజిల్స్‌లో 3,495 ఎకోల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మొదటి కొలత ఎవరు వేశారో తెలియకుండా కార్డియాలజిస్టులకు ఇస్తే, టెక్నీషియన్ వేసినవాటిలో 27.2 శాతాన్ని గణనీయంగా మార్చారు, ఏఐ వేసినవాటిలో 16.8 శాతాన్నే మార్చారు. ఏది ఎవరిదో వాళ్ళు కనిపెట్టలేకపోయారు కూడా. అయితే అది కొలత. ఛాతీ మీద ఆనించే ప్రోబ్ సరైన కోణంలో పెట్టకపోతే బొమ్మలో గుండె కొన తెగిపోయి, తప్పు బొమ్మ మీద సరైన లెక్క వస్తుంది. ఇక మన దగ్గర ఇంకా కనిపించే కీళ్ళవాత జ్వరం తాలూకు కవాటాల జబ్బుల్లో డాక్టరు స్వయంగా చూసిందే నాకు నమ్మకం. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలోనో, రుయా ఆసుపత్రిలోనో, చిత్తూరులో మీకు తెలిసిన కార్డియాలజిస్టు దగ్గరో ఎకో చేయించండి, ఏఐ ఉందా లేదా అని చూసి ఎంచుకోవద్దు.

సీటీ సంగతి క్లుప్తంగా. ఎక్స్‌రేలో పడే రేడియేషన్ 0.1 మిల్లీసీవర్ట్ లోపు, మామూలు ఛాతీ సీటీలో 5 నుంచి 7. అవసరమైతే భయపడాల్సిన మోతాదు కాదు, అనవసరమైతే ఎందుకు? పైగా సీటీ తీస్తే ఏఐ చిన్న చిన్న గడ్డలన్నీ ఏరి జాబితా ఇస్తుంది. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో సున్నం కట్టిన పాత గింజలు ఎందరికో ఉంటాయి. 6 మిల్లీమీటర్ల లోపు గట్టి గడ్డకు, రిస్క్ తక్కువైన మనిషికి, మళ్ళీ మళ్ళీ సీటీ అక్కర్లేదని ఛాతీ రేడియాలజీ నిపుణుల సంఘం ఫ్లెయిష్‌నర్ సొసైటీ 2017 సూచనలు చెబుతాయి. నాన్నగారిది తక్కువ రిస్క్ అనలేం, కాబట్టి తీయాల్సి వస్తే ఆ జాబితాను చెస్ట్ డాక్టరుతో కూర్చుని చదివించుకోండి. ఒక లాభం కూడా ఉంది. అదే సీటీలో గుండె రక్తనాళాల్లోని సున్నాన్ని ఏఐ అంచనా వేయగలదు. అడిగితే దాన్నీ రిపోర్టులో రాస్తారు.

ఇంకో విషయం, మీరు అడగలేదు గానీ మీ ప్రశ్నలోనే ఉంది. ఎక్స్‌రేని ఫోన్‌తో ఫోటో తీసి ఒక చాట్‌బాట్‌కి పెట్టానన్నారు, అది ‘న్యుమోనియా కావచ్చు’ అందన్నారు. దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు. అసలు ఎక్స్‌రే డైకామ్ ఫైలులో (సెంటర్ కంప్యూటర్లో ఉండే అసలు బొమ్మ ఫైలు) వేల బూడిదరంగు ఛాయలు ఉంటాయి, ఫోన్ ఫోటోలో 256 మించవు. దానిమీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం, మీ వేలి నీడ. స్కాన్ సెంటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క పనికోసం పరీక్షించి అనుమతి తీసుకోవాల్సిన వైద్య పరికరం. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నియమాల కిందికే వస్తుంది. చాట్‌బాట్ అలాంటిది కాదు. ఫిల్ము మీద నాన్నగారి పేరు, వయసు, ఐడీ నంబరు కూడా ఉన్నాయి, వాటినీ పంపేశారు. ఇకమీదట సెంటర్లో సీడీ గానీ డైకామ్ లింకు గానీ అడిగి తీసుకోండి. రేపు రాయవేలూరు వెళ్ళాల్సి వచ్చినా అక్కడ ఉపయోగపడేది అదే. ప్రింటు ఫిల్ము, రంగుల పేజీ రెండూ కలిపినా దాని విలువ రావు.

రాయవేలూరు ఎప్పుడంటే, కఫం పరీక్ష తేలక, మచ్చ పెరుగుతోందని తెలిసి, బయాప్సీ దాకా వెళ్ళాల్సి వస్తే. దానికీ స్విమ్స్ ఉంది. మీకు దగ్గర, నమ్మకం ఎక్కడైతే అక్కడికి వెళ్ళండి. పాత ఫిల్ములు, సీడీ, కఫం రిపోర్టు, వాడిన మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టుకెళ్ళండి.

చివరిగా డబ్బుల సంగతి. ఏఐ పేజీకి విడిగా తీసుకోవడం నాకైతే నచ్చదు. అది సెంటరు తన పని త్వరగా, తప్పులు లేకుండా చేసుకోవడానికి పెట్టుకున్న పనిముట్టు. రోగికి ఇవ్వాల్సింది దాన్నీ చూసి, తన కళ్ళతోనూ చూసి డాక్టరు సంతకం చేసిన ఒక్క రిపోర్టు. రెండు కాగితాలు రెండు మాటలు చెబుతుంటే వాటిని కలిపి ఒక మాట చెప్పాల్సిన బాధ్యత సంతకం చేసినవారిది. మీరు తిరిగి ఆ సెంటరుకి వెళ్ళి ‘ఏఐ స్కోరు చూసే మీరు పాత మచ్చ అని రాశారా, చూడకముందు రాశారా’ అని మర్యాదగా అడగండి. చాలా చోట్ల ఆ పేజీ రిపోర్టు అయ్యాక దానంతట అదే ప్రింటవుతుంది, డాక్టరు చూసి కూడా ఉండరు. క్వారీ సంగతీ, సూదుల సంగతీ అప్పుడే చెప్పి, అవసరమైతే రిపోర్టుకి ఒక వాక్యం చేర్చమనండి. అందుకు కొత్తగా డబ్బులు కట్టనక్కర్లేదు. కఫం ఫలితం వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.